ఛాతీ ఎత్తమంటే ముడుచుకుపోయిన లిఫ్టర్: ఒక కేస్ స్టడీ

ఈ కుర్రాడిని ఇక్కడ వంశీ అంటాను. అసలు పేరు కాదు. ఇది ఒక్కరి కథ కూడా కాదు. ఇదే ఇబ్బందితో సైకాలజిస్టునైన నా దగ్గరికి వచ్చిన కొందరు యువ వెయిట్‌లిఫ్టర్ల వివరాలు కలిపి, ఊరూ ఇల్లూ ఆనవాలు దొరక్కుండా మార్చి, ఒకే కేసుగా రాశాను. క్రీడాకారులతో పనిచేసే సైకాలజిస్టులు, కోచ్‌లు, పీఈటీ మాస్టార్లు చదవాలని నా కోరిక. మగపిల్లలు తమ ఒంటి గురించి పడే సిగ్గు చాలాసార్లు పోటీ భయంలా మన ముందుకొస్తుంది. దాన్ని ఒట్టి భయంగానే చూసి ధైర్యం చెప్పి పంపేస్తే పిల్లవాడి ఆటా ఆరోగ్యమూ రెండూ పాడవుతాయి.

ఎందుకు పంపారు

వంశీకి 19 ఏళ్లు. ఉత్తరాంధ్రలో ఒక పల్లె. తండ్రికి కొద్దిపాటి పొలం, మిగతా రోజుల్లో కూలిపని. కోచ్ నాకు ఫోన్ చేసి చెప్పింది ఇంతే: "హాల్లో బాగానే లేపుతాడు సర్. స్టేజీ ఎక్కితే వణికిపోతాడు. మీరు కొంచెం ధైర్యం చెప్పండి."

ప్రాక్టీసులో వంశీ స్నాచ్ (బార్‌ను ఒకే ఊపులో తల మీదకు ఎత్తడం) 118 కిలోలు, క్లీన్ అండ్ జర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదకు ఎత్తడం) 146 కిలోలు చేశాడు. అంతకుముందు జరిగిన రాష్ట్ర పోటీలో 108 కిలోలతో మొదలుపెట్టి, మూడు స్నాచ్‌లూ పోగొట్టుకున్నాడు. స్నాచ్‌లో ఒక్కటైనా నిలవకపోతే టోటల్, అంటే రెండు లిఫ్టుల్లో మంచివి కలిపిన మొత్తం, రాదు. అంటే ఏడాది కష్టం ఆ మధ్యాహ్నమే తుడిచిపెట్టుకుపోయింది.

మన ప్రాంతంలో ఈ ఆటకున్న బరువేమిటో చెప్పకపోతే ఈ కేసు సగమే అర్థమవుతుంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా. విజయనగరం జిల్లా కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరుగానే పేరు తెచ్చుకుంది. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో బంగారం గెలిచిన రాగాల వెంకట రాహుల్‌ది స్టువర్టుపురం. ఈ పేర్లు వింటూ పెరిగిన పిల్లలకు బార్ అంటే ఆట ఒక్కటే కాదు. రైల్వే, ఆర్మీ, పోలీసు, అంటే స్పోర్ట్స్ కోటాలో ఒక ఉద్యోగం. వంశీ తండ్రి మొదటిసారి నా గదికి వచ్చినప్పుడు అడిగింది కూడా అదే: "బాబుకి సర్టిఫికెట్ వస్తాదా సార్?"

దీనికి తోడు విభాగాలు మారాయి. 2025 జూన్ నుంచి అంతర్జాతీయ సమాఖ్య పురుషులకు 60, 65, 71, 79, 88, 94, 110, 110కి పైన అనే కొత్త బరువులు పెట్టింది. వంశీ ఆడిన 81 కిలోల విభాగం పోయింది. ఒళ్లు 82, 83 మధ్య ఉండే కుర్రాడు ఆ లెక్కలో 79కి దిగాలి, లేదా 88లో తనకంటే బరువైనవాళ్లతో తలపడాలి. కోచ్ 79 అన్నాడు. వంశీ వెంటనే సరే అన్నాడు. ఎందుకంత వెంటనే ఒప్పుకున్నాడో తర్వాత తెలిసింది.

భయం ఎక్కడ మొదలవుతోంది

పోటీ భయంతో వచ్చినవాళ్లను నేను "భయంగా ఉంటుందా" అని అడగను. ఉంటుందనే అంటారు. పోటీ రోజును నిద్ర లేచినప్పటి నుంచి ఇంటికొచ్చేదాకా విడగొట్టి, ఒక్కో ఘట్టానికీ భయం పదికి ఎంత అని అడుగుతాను. కాగితం మీద గీత గీయిస్తాను. సాధారణంగా లిఫ్టర్ల గీత వామప్ నుంచి మెల్లగా లేచి, పేరు పిలిచినప్పుడు శిఖరానికి చేరుతుంది. బార్ మీద బరువు పెరిగితే గీతా పెరుగుతుంది.

వంశీ గీత అలా లేదు. పొద్దున్నే వెయిట్-ఇన్ (పోటీకి ముందు బరువు తూచే) గది బయట లైన్లో నిలబడ్డప్పుడు తొమ్మిది. బరువు చూపించి బట్టలు వేసుకోగానే నాలుగు. వామప్ ఏరియాలో నాలుగే. ట్రాక్ జాకెట్ విప్పి కాస్ట్యూమ్‌తో ప్లాట్‌ఫామ్ వైపు నడిచేటప్పుడు పది. "బార్ మీద 108 కాకుండా 80 ఉంటే?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "అప్పుడూ పదే సర్" అన్నాడు.

ఆ జవాబుతో నాకు దారి కనపడింది. ఓడిపోతానన్న భయమైతే 80 కిలోల దగ్గర తగ్గాలి. తగ్గలేదంటే ఈ కుర్రాడికి భయం బార్ అంటే కాదు, చూసే కళ్లంటే.

కోచ్ దగ్గరున్న వీడియోలు తెప్పించుకున్నాను. ప్రాక్టీసు వీడియోల్లో వదులుగా ఉండే పెద్ద టీషర్టు. పోటీలో ఒంటికి అతుక్కునే కాస్ట్యూమ్, లోపల రెండు బిగుతు బనియన్లు. ప్లాట్‌ఫామ్ ఎక్కగానే కాస్ట్యూమ్ పట్టీలు ముందుకు లాక్కుంటున్నాడు, ఒకసారి కాదు, బార్ పట్టుకునేదాకా లాక్కుంటూనే ఉన్నాడు. భుజాలు ముందుకు వంచి, ఒంటిని లోపలికి దాచుకున్నట్టు నడుస్తున్నాడు. బార్ మీదకు వంగాక పక్కనుంచి కోచ్ గొంతు వినిపిస్తుంది: "ఛాతీ ఎత్తు! ఛాతీ ఎత్తు!" స్నాచ్ మొదలుపెట్టేటప్పుడు వీపు బిగిసి ఛాతీ నిలబడాలి కాబట్టి ఏ కోచ్ అయినా అదే అరుస్తాడు. ఆ అరుపు వినగానే వంశీ భుజాలు ఇంకా ముందుకు వస్తున్నాయి. వీపు గుండ్రమవుతుంది, బార్ ఒంటికి దూరంగా పోతుంది, తల మీదకు వచ్చేసరికి ముందుకు పడిపోతుంది. మూడు అటెంప్ట్‌లూ ఒకేలా పోయాయి. మూడుసార్లూ కోచ్ ఇంకొంచెం గట్టిగా అరిచాడు.

ఆ వీడియో చూపించి, లిఫ్ట్ గురించి ఏమీ అనకుండా ఒకటే అడిగాను: "నువ్వు చొక్కా ఎక్కడెక్కడ విప్పవు?"

మగపిల్లలతో ఒంటి గురించి మాట్లాడేటప్పుడు "నీ శరీరం గురించి ఏమనుకుంటున్నావు" అని అడిగితే జవాబు రాదు. ఏం అనుకుంటాను సర్, బాగానే ఉంది, అంటారు. అనుకోవడం గురించి కాక చేయడం గురించి అడిగితే చెబుతారు. వంశీ తల దించుకుని ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. చెరువులో స్నానం మానేసి ఆరేళ్లు. అక్క పెళ్లిలో నలుగు పెట్టేటప్పుడు కడుపునొప్పని గదిలో పడుకున్నాడు. స్నేహితులందరూ అయ్యప్ప మాల వేసుకున్నారు, తనకూ మొక్కుంది, కానీ కండువా ఒక్కటీ కప్పుకుని పీఠంలో కూర్చోలేక ఏదో సాకు చెప్పాడు. ఇంట్లో వేసవిలో కూడా బనియన్ తీయడు. ఇవన్నీ చెప్పి, చివరికి, "నాకు ఆడోళ్లకి ఉన్నట్టు ఉంటాది సర్" అన్నాడు. ఏడ్చాడు. తొమ్మిదో తరగతిలో తోటిపిల్లలు పెట్టిన పేరొకటి ఉంది. ఇక్కడ రాయను. ట్రెయినింగ్ హాల్లో కూడా ఇద్దరు ముగ్గురు ఆ పేరుతోనే పిలుస్తున్నారు, సరదాకి అంటూ.

వైద్యపరంగా

మగపిల్లల్లో ఛాతీ దగ్గర గ్రంథి కణజాలం పెరగడాన్ని గైనకోమాస్టియా అంటారు. ఎదిగే వయసులో హార్మోన్ల తూకం కొంతకాలం తప్పడం వల్ల చాలామందికి వస్తుంది, ఎక్కువమందికి ఏడాది రెండేళ్లలో దానంతటదే తగ్గుతుంది. కొందరిలో ఉండిపోతుంది. అలా ఉండిపోయి గట్టిపడినది కసరత్తుతో కరగదు, తిండి మానేస్తే కరగదు. ఇది కొవ్వు కాదు. ఈ ఒక్క వాస్తవం వంశీకి ఎవరూ చెప్పలేదు. ఆరేళ్లుగా పుషప్‌లూ ఉపవాసాలూ దీని మీదే ఖర్చు చేశాడు.

సైకాలజిస్టుగా నేను దాన్ని చూసి నిర్ధారించేది లేదు. ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గరికి పంపాను. మందులు, కాలేయం, థైరాయిడ్, వృషణాల జబ్బులు, జిమ్‌లలో దొరికే స్టెరాయిడ్ల వల్ల కూడా ఇలా రావచ్చు కాబట్టి ఆ పరీక్షలు తప్పనిసరి. వంశీకి అలాంటివేవీ లేవు. జిమ్ పరిచయస్తుడొకడు ఇచ్చిన లేబుల్ లేని "ఫ్యాట్ కట్టర్" పొడి మాత్రం వాడుతున్నాడు. అది ఆ రోజే ఆపించాం.

ఇక్కడ క్రీడాకారులతో పనిచేసేవాళ్లు తప్పక గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. గైనకోమాస్టియాకు కొందరు డాక్టర్లు టామోక్సిఫెన్ రాస్తారు. అది వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత జాబితాలో ఉన్న మందు, పోటీ ఉన్నా లేకున్నా నిషేధమే. ముందస్తు అనుమతి లేకుండా వాడితే మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ నాడా పరీక్షలో పట్టుబడతాడు. నీళ్లు తగ్గించే మాత్రలదీ అదే దారి. ఫ్యూరోసెమైడ్ లాంటివి మెడికల్ షాపులో సులువుగా దొరుకుతాయి. బరువు దిగడానికి ఒక మాత్ర వేసుకున్న కుర్రాడి పేరు డోపింగ్ జాబితాలోకి ఎక్కిపోవచ్చు. రాసే డాక్టరుకు "నేను పోటీల్లో ఆడతాను" అని చెప్పడం వంశీకి నేర్పించాను. సర్జరీ చేయించుకునే దారి ఉందని, తొందరేమీ లేదని, చేయించుకుంటే కొన్ని వారాలు బార్‌కి దూరంగా ఉండాలని డాక్టరే వివరించారు.

బరువు తగ్గించడం వెనుక

79 కిలోలకు ఎందుకంత వెంటనే ఒప్పుకున్నాడో ఇప్పుడు స్పష్టమైంది. కోచ్‌కి అది పతకం లెక్క. వంశీకి అది ఛాతీ తగ్గే దారి. పోటీకి పది రోజుల ముందు నుంచి అన్నం మానేసేవాడు. చివరి రెండు రోజులు నీళ్లు కూడా. ప్లాస్టిక్ కవరు కట్టుకుని ఎండలో పరుగెత్తేవాడు, ఒంట్లో నీరు తగ్గాలని ఉమ్మి ఊసేవాడు. ముఖం పీక్కుపోయేది, భుజాల కండ తగ్గేది, ఛాతీ మాత్రం అలాగే ఉండేది. చుట్టూ ఒళ్లు చిక్కడంతో అది ఇంకా కొట్టొచ్చినట్టు కనపడేది. అద్దం ముందు గంటలు గడిపేవాడు.

వెయిట్‌లిఫ్టింగ్‌లో వెయిట్-ఇన్ పోటీకి రెండు గంటల ముందు మొదలై ఒక గంటలో ముగుస్తుంది. రెండు రోజులు నీళ్లు మానేసిన ఒంటికి ఆ మిగిలిన వ్యవధిలో నీరూ గ్లూకోజూ పూర్తిగా తిరిగి రావు. నెత్తురు పరిమాణం తగ్గితే గుండె వేగంగా కొట్టుకుంటుంది. నోరెండుతుంది, చేతులు వణుకుతాయి, లేస్తే కళ్లు తిరుగుతాయి. ఇవన్నీ భయం లక్షణాలే. వంశీ వాటిని భయంగానే అర్థం చేసుకున్నాడు, కోచ్ కూడా. అసలున్న సిగ్గు మీద దాహం తెచ్చిన గుండెదడ చేరి, నేను పిరికివాణ్ణి అన్న నమ్మకం గట్టిపడింది.

"పారిస్‌లో అమన్ సెహ్రావత్ పది గంటల్లో 4.6 కిలోలు తగ్గించి మెడల్ కొట్టాడు కదా సర్" అని వంశీ నన్ను అడిగాడు. నిజమే. 2024 ఒలింపిక్స్‌లో 57 కిలోల కుస్తీలో సెమీస్ అయ్యాక రాత్రంతా బరువు దించి, మర్నాడు కాంస్యం గెలిచాడు. దేశమంతా ఆ పట్టుదలను మెచ్చుకుంది, నేనూ మెచ్చుకున్నాను. ఆ రాత్రి అతని చుట్టూ కోచ్‌లూ సహాయక సిబ్బందీ ఉన్నారు. మన పల్లెటూరి హాలు వెనుక ప్లాస్టిక్ కవరు కట్టుకుని పరుగెత్తే కుర్రాడి పక్కన ఎవరూ ఉండరు. అదే అమన్ 2025 సెప్టెంబరులో జాగ్రెబ్ ప్రపంచ పోటీల్లో 1.7 కిలోలు ఎక్కువ తూగి బరిలోకే దిగలేకపోయాడన్న సంగతి వంశీకి తెలియదు. 1997 చివరి నెలల్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు ఇలా బరువు దించుకుంటూనే చనిపోయారు, ఆ తర్వాతే అక్కడ కాలేజీ కుస్తీ నిబంధనలు మార్చారు. ఈ రెండో విషయం వంశీకంటే వాళ్ల నాన్నకు చెప్పడం అవసరమనిపించింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఒంటికి చాలినంత తిండి అందకపోవడాన్ని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014 నుంచి ఆడవాళ్లతో పాటు మగవాళ్ల సమస్యగా కూడా చెబుతున్నారు. అమ్మాయిల్లో నెలసరి ఆగిపోతే ఎవరో ఒకరికి తెలుస్తుంది. అబ్బాయిల్లో అలా బయటికి తెలిసే గుర్తు లేదు. అందుకే నిద్ర ఎలా ఉంది, పొద్దున లేవగానే అంగస్తంభన ఉంటోందా, దెబ్బలు మానడానికి ఎక్కువ రోజులు పడుతోందా అని అడగాలి. అడగడానికి మనకు మొహమాటం, చెప్పడానికి వాళ్లకు. నేను మామూలు గొంతుతో, బీపీ గురించి అడిగినట్టే అడుగుతాను. బరువు దించే వారాల్లో వంశీకి పొద్దున అంగస్తంభన ఉండటం లేదు, నిద్రా సరిగా లేదు. ఇది డాక్టరుకు కూడా పనికొచ్చింది.

ఏమని అర్థం చేసుకున్నాను

1997లో అమెరికన్ సైకియాట్రిస్టు హారిసన్ పోప్, ఆయన సహచరులు మజిల్ డిస్‌మార్ఫియా అని పేరు పెట్టిన స్థితి ఉంది. కండ ఎంత పెరిగినా చాల్లేదనిపించడం. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికన్ గ్రంథం) దాన్ని బాడీ డిస్‌మార్ఫిక్ డిజార్డర్ కింద చేర్చింది. జిమ్‌కి వెళ్లే అబ్బాయి ఒంటి గురించి బాధపడుతున్నాడంటే చాలామంది తొందరపడి ఆ పేరే తగిలిస్తారు. వంశీకి అది వర్తించదు. ఆ రుగ్మతలో మనిషిని వేధించే లోపం ఇతరులకు కనపడదు, లేదా చాలా స్వల్పంగా ఉంటుంది. వంశీ చెబుతున్నది కళ్లకు కనపడేదే, అవమానాలూ నిజంగా జరిగినవే. ఈటింగ్ డిజార్డర్ (తిండికి సంబంధించిన మానసిక రుగ్మత) నిర్ధారణకు సరిపడా లక్షణాలూ లేవు. పోటీలు లేని నెలల్లో మామూలుగా తింటాడు. కానీ అటు వెళ్లే దారిలోనే ఉన్నాడు కాబట్టి గమనిస్తూ ఉండాలని నోట్స్‌లో రాసుకున్నాను.

నా అవగాహన ఇది. చిన్నప్పటి వెక్కిరింపుతో ఛాతీ దాచుకోవడం అలవాటైంది. ఈ ఆటలో ఛాతీ దాచుకోవడం కుదరదు. వెయిట్-ఇన్‌లో బట్టలు విప్పాలి, కాస్ట్యూమ్ వేసుకోవాలి, బార్ దగ్గర ఛాతీ నిలబెట్టాలి. దాచుకునే అలవాటుకూ లిఫ్ట్‌కు కావాల్సిన భంగిమకూ నేరుగా తగవు. పోటీలో నలుగురూ చూస్తున్నప్పుడు అలవాటే గెలుస్తుంది. లిఫ్ట్ పోగానే "అందరూ నన్నే చూశారు" అన్న నమ్మకం బలపడుతుంది, తర్వాతి పోటీకి ఇంకా బరువు తగ్గిస్తాడు.

ఏం చేశాం

మొదట బరువు. తర్వాతి రాష్ట్ర పోటీలో 79కి దిగకూడదని, మామూలుగా తింటూ 88లోనే ఆడాలని ప్రతిపాదించాను. ఇది చిన్న విషయం కాదు. పతకం దాదాపు వదులుకున్నట్టే. వంశీ తండ్రి, కోచ్ ఇద్దరూ ఒప్పుకోలేదు. ఆరేడు స్థానాలకు ఉద్యోగం రాదన్న వాళ్ల మాటలో తప్పేం లేదు. నేను చెప్పింది ఇదొక్కటే: పోయినసారి 81లో టోటలే లేదు. టోటల్ లేని సర్టిఫికెట్ దేనికీ పనికిరాదు. ముందు ఆరు అటెంప్ట్‌లలో నాలుగు నిలబెట్టగలడా చూద్దాం. కోచ్ రెండు రోజులు గడువడిగి, సరే అన్నాడు.

కోచ్‌తో ఏం మాట్లాడవచ్చో ముందే వంశీతో రాసుకున్నాను. జబ్బు సంగతి చెప్పడానికి అప్పుడు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవి మూడు: హాల్లో ఎవరి ఒంటి మీదా మాటలు ఆపించడం, అందరి బరువులూ బోర్డు మీద రాసే అలవాటు మానడం, "ఛాతీ ఎత్తు" అన్న మాట బదులు ఇంకో మాట వెతుక్కోవడం. మూడోది అడిగినప్పుడు కోచ్ ఆశ్చర్యపోయాడు, ఇరవై ఏళ్లుగా అంటున్న మాట అది. కారణం అడిగాడు, ఇప్పుడు చెప్పలేనన్నాను. కానీ ఆయన మంచి కోచ్. తానే రకరకాలు ప్రయత్నించి, "బార్ ఒంటికి రాసుకోవాలి, నేలని తొయ్యి" అన్నది పనిచేస్తోందని నాకు ఫోన్ చేశాడు. పరిశోధనలు చెప్పేది కూడా అదే. తన ఒంటి మీద కాక బార్ మీద, నేల మీద దృష్టి పెడితే కదలిక మెరుగవుతుందని కదలికలు నేర్చుకోవడంపై పరిశోధించే గాబ్రియెల్ వుల్ఫ్ ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలు చూపించాయి. వంశీ విషయంలో ఆ సూచన ఇంకో మేలు కూడా చేసింది. ఛాతీ అన్న మాటే వినపడకుండా వీపు బిగిసింది.

అసలు చికిత్సలో ఎక్కువ భాగం దాచుకోకుండా ఉండటం సాధన చేయడమే. ఒక మెట్ల జాబితా వేసుకున్నాం. ఇంట్లో తన గదిలో బనియన్ లేకుండా కాసేపు కూర్చోవడం అన్నిటికంటే కింది మెట్టు. తర్వాత హాల్లో ఎవరూ లేని మధ్యాహ్నం కాస్ట్యూమ్ ఒక్కటే వేసుకుని తేలిక బరువులు. తర్వాత నమ్మకమున్న ఒక్క స్నేహితుడి ఎదుట. తర్వాత సాయంత్రం హాలంతా నిండినప్పుడు. ఒక్కో మెట్టు దగ్గరా నియమం ఒకటే: పట్టీలు లాక్కోకూడదు, చేతులు కట్టుకోకూడదు, రెండో బనియన్ ఉండకూడదు. వాటితో మెట్టెక్కితే, అవి ఉన్నాయి కాబట్టే బతికిపోయానని మనసు అనుకుంటుంది. భయం తగ్గేదాకా అక్కడే ఉండాలి, తగ్గాకే దిగాలి.

హాలు మెట్టు దగ్గర వంశీ చాలా రోజులు ఆగిపోయాడు. ఒకరోజు కాస్ట్యూమ్ వేసుకుని వచ్చి, ఎవరో నవ్వారని వెళ్లిపోయాడు. ఆ నవ్వు తన గురించేనా అని వెతికాం. ఆ ఇద్దరూ ఫోన్లో ఏదో చూసి నవ్వుకున్నారని స్నేహితుడు చెప్పాడు. అయినా నేను "చూశావా, ఎవరూ నిన్ను చూడట్లేదు" అని చెప్పలేదు. కొందరు చూస్తారు. ఒకప్పుడు వెక్కిరించారు కూడా. చూసినా లిఫ్ట్ చేయగలనా అన్నదే వంశీ తేల్చుకోవాల్సిన ప్రశ్న. అందుకే తర్వాతి వారం స్నేహితుణ్ణి కావాలనే ఎదురుగా కూర్చుని తేరిపార చూడమన్నాం. 90 కిలోల స్నాచ్‌లు ఐదు, చూస్తుండగానే. నాలుగోది చేసేసరికి విసుగొచ్చిందని వంశీయే అన్నాడు. నాకు కావాల్సింది ఆ విసుగే.

అద్దం పని కూడా చేశాం. రోజుకు ఒక్కసారి, నిలువుటద్దం ముందు, తల నుంచి కాళ్ల దాకా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. "అసహ్యం" లాంటి తీర్పు మాటలు వాడకూడదు, ఛాతీ దగ్గర ఆగిపోకూడదు, తొడలూ వీపూ భుజాలూ అన్నీ చెప్పాలి. మిగతా సమయంలో అద్దం చూసుకోవడం తగ్గించాలి. నాలుగో వారంలో తన తొడల గురించి మొదటిసారి గర్వంగా మాట్లాడాడు.

వెయిట్-ఇన్‌కు రిహార్సల్ పెట్టాం. కోచ్ సాయంతో హాలు పక్కగదిలో స్కేలు, బయట లైను, లోపల ఇద్దరు పెద్దవాళ్లు. లోదుస్తులతో స్కేలు ఎక్కి, సంఖ్య చదివేదాకా నిలబడి, తొందరపడకుండా బట్టలు వేసుకోవాలి. బట్టలు నెమ్మదిగా వేసుకోవడమే వంశీకి అన్నిటికంటే కష్టమైంది.

గుండెదడ గురించి కూడా మాట్లాడుకున్నాం. కడుపునిండా తిని, నీళ్లు తాగి ప్లాట్‌ఫామ్ ఎక్కినా గుండె కొట్టుకుంటుంది, కొట్టుకోవాలి. క్రీడా మనస్తత్వవేత్త యూరి హనిన్ చెప్పినట్టు ఒక్కో ఆటగాడికి బాగా ఆడే ఉద్వేగస్థాయి ఒకటి ఉంటుంది, ప్రశాంతత అందరికీ పనికొస్తుందని లేదు. వంశీ బాగా ఎత్తిన రోజుల్లో తనకు పదికి ఆరు దాకా ఉంటుందని గమనించాడు. కాబట్టి సున్నాకు దింపే ప్రయత్నం మానేశాం. పేరు పిలిచాక ఉండే ఒక్క నిమిషానికి క్రమం ఒకటి పెట్టుకున్నాడు. చేతులకు చాక్ పొడి రాసుకోవడం, బార్ దగ్గర నిలబడి ఒక పొడవాటి ఊపిరి వదలడం, "నేలని తొయ్యి" అనుకుని పట్టుకోవడం. పట్టీలకు చేతులు వెళ్లే సమయం అందులో లేదు.

పోటీలో

88 కిలోల విభాగం. వంశీ 83.4 తూగాడు. వెయిట్-ఇన్ దగ్గర భయం పదికి ఆరు. ప్లాట్‌ఫామ్ దగ్గర ఏడు. స్నాచ్‌లో 105, 110 నిలిచాయి, 115 పోయింది. క్లీన్ అండ్ జర్క్‌లో 135, 141 నిలిచాయి, 147 భుజాల దాకా తెచ్చి పైకి నిలపలేకపోయాడు. టోటల్ 251. ఆరో స్థానం.

115 పోయిన వీడియో నాకు మిగతా వాటికంటే ముఖ్యం. వీపు గుండ్రం కాలేదు. బార్ వెనక్కి పడింది, ముందుకు కాదు. బలం చాలకపోవడం కాదు, కొంచెం ఎక్కువ లాగాడు. అది కోచ్ సరిదిద్దగల పొరపాటు. ఆ సాయంత్రం కోచ్ నాతో భయం గురించి ఒక్కమాటా మాట్లాడలేదు, లాగడంలో కోణం గురించే మాట్లాడాడు.

తండ్రి సంతోషించలేదు. ఆరో స్థానంతో ఏం చేస్తాం అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సులువైన జవాబు లేదు, ఇవ్వనూ లేదు. టోటల్ పెరిగే దారి మళ్లీ తెరుచుకుందని మాత్రం చెప్పాను.

తర్వాత

అంతా సాఫీగా సాగలేదు. కొన్ని నెలల తర్వాత ఒక సెలెక్షన్ క్యాంపులో కొత్త కుర్రాళ్ల మధ్య పడ్డాడు. పాత పేరు తెలిసినవాడొకడు అక్కడా ఉన్నాడు. వంశీ మళ్లీ రెండు బనియన్లు వేసుకున్నాడు, రాత్రి అన్నం మానేశాడు. మూడో రోజు ఫోన్ చేశాడు. ఆ ఫోన్ చేయడమే నేను పెద్ద ప్రగతి అనుకున్నాను, ఆ మాట చెప్పాను కూడా. మెట్ల జాబితాలో మూడు మెట్లు కిందికి దిగి మళ్లీ మొదలుపెట్టాం. ఆ పేరు పిలిచేవాడికి ఏం చెప్పాలో కలిసి రాసుకున్నాం. "ఆ పేరు వద్దు. ఇంకోసారి అంటే కోచ్‌కి చెబుతా." ఇంతే. రెండుసార్లు చెప్పాల్సొచ్చింది, తర్వాత ఆగింది. క్యాంపు నుంచి వచ్చాక కోచ్‌కు తన సంగతి తానే చెప్పుకున్నాడు. కోచ్ పాత వీడియోలు మళ్లీ పెట్టుకుని చూశాడట.

79 ప్రశ్న ప్రతి సెలెక్షన్‌కూ తిరిగి వస్తుంది. మా ఒప్పందం ఇది: ఎప్పుడైనా దిగాలనుకుంటే డైటీషియన్‌తో కలిసి నెలల ముందే మొదలుపెట్టాలి, వారానికి అర కిలోకు మించకూడదు, నీళ్లు ఏ రోజూ ఆపకూడదు, ఎందుకు దిగుతున్నావో కాగితం మీద రాయాలి. ఆ కారణాల్లో ఛాతీ ఉంటే ఆ సీజన్‌కు 88లోనే. ఇప్పటిదాకా 88లోనే ఉన్నాడు, బరువు 85కు పెరిగింది, ప్రాక్టీసులో స్నాచ్ 121.

చెరువు స్నానం ఇంకా జాబితాలో పై మెట్టుగానే ఉంది. ఆపరేషన్ గురించి సీజన్ ముగిశాక సర్జన్‌ను కలుస్తానన్నాడు, పోటీల కోసం కాదు, తన కోసం అన్నాడు. దాని ఖర్చెంత, ఎన్నాళ్లు విశ్రాంతి, ఏ మందులు నిషేధంలో ఉన్నాయి అన్న ప్రశ్నలు మేమిద్దరం కూర్చుని రాసి పెట్టాం. ఆ రోజు ఆస్పత్రికి వాళ్ల నాన్న కూడా వస్తున్నారు.